మాత డొంక

ఆ రాయిని పాతింది తెల్ల ఫాదర్లు కాదు, మా నాన్న. ఆ మాట ఆ పిల్లతో అనలేక గమ్మునుండిపోయాను. పోయిన ఫిబ్రవరిలో మా మేనత్త సాంవత్సరిక పూజకని ఊరెళ్తూ, గురజాల దాటి మా ఊరి మలుపు తిరిగేసరికి కారు ఆగిపోయింది. రోడ్డు నిండా జనం. నీలం చీరలు, నీలం టీషర్టులు, మెడల్లో కార్డులు, ముందు ఒక ఆటోకి కట్టిన స్పీకర్లలోంచి మరియమ్మ పాటలు. మాత కొండకు నడిచిపోతున్న భక్తులు. డ్రైవరు హారన్ కొట్టబోతే వద్దన్నాను. కిటికీ దగ్గరికి ఒక పిల్ల వచ్చి నీళ్ళ ప్యాకెట్ చేతిలో పెట్టి, "దిగి మొక్కుకోండి ఆంటీ. ఇక్కడ సిలువ రాయి ఉంది. పాతకాలంలో తెల్ల ఫాదర్లు కాలినడకన వచ్చి పాతారంట. చానా మహిమ గల రాయి," అంది. ఆ పిల్ల చూపించిన వైపు చూశాను. గ్రానైటు అరుగు, స్టీలు కమ్మీలు, పైన రేకుల పందిరి, మధ్యలో మోకాలెత్తు నాపరాయి. దాని నెత్తిన రెండు గాట్లు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ముప్పై ఏళ్ళు పైబడినా గుర్తుపట్టాను. అది సర్వే రాయి.

మాది కథోలిక రెడ్ల వీధి. మా వైపు అలాంటి వీధులున్న ఊళ్ళు కొన్ని ఉన్నాయి. మిగతా పల్నాడు రెడ్లకూ మాకూ చేలల్లో, తగాదాల్లో, మీసాల్లో తేడా ఉండదు గానీ పేర్లలో ఉంటుంది. తాత బాలశౌరెడ్డి, నాన్న మర్రెడ్డి, నాయనమ్మ శౌరమ్మ. మా ఇంట్లో రోజు గుడి గంటతో మొదలై గుడి గంటతో అయిపోయేది. పొద్దున గంట మోగితే నాయనమ్మ పేడ చేతులతోనే వాకిట్లో నిలబడి త్రికాల జపం చెప్పేది. మధ్యాహ్నం గంటకు గోంగూర నూరుతుంటే పచ్చడి బండ అట్లాగే పట్టుకుని చెప్పేది. ఆ కాసేపు ఎవరొచ్చి ఏం అడిగినా పలికేది కాదు. జపం అయిపోగానే మటుకు, ఆగిన చోటనుంచే తిట్టు అందుకునేది. దీపాలు పెట్టాక కుటుంబ జపమాల. అది పూర్తయితే గాని కంచాలు కడగరు. మేం పిల్లలం చాప మీద మోకాళ్ళూని మంగళవార్త జపాలు అప్పజెప్తూ, పొయ్యి మీద కందిపప్పు తాలింపు వాసనకు మెడలు తిప్పేవాళ్ళం. నాన్నకు సరిగ్గా ఆ వేళకే గొడ్లకు మేతెయ్యాలని గుర్తొచ్చేది. మగవాళ్ళకు అదొక అలవాటేమో అనుకునేదాన్ని.

నాయనమ్మకు ఒక మొక్కు మిగిలిపోయింది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. నాన్నకు మీసాలొచ్చే వయసులో విషజ్వరం తగిలి, సత్తెనపల్లి డాక్టరు కూడా పెదవి విరిచాడట. అప్పుడు నాయనమ్మ మంచం పట్టె పట్టుకుని, వీణ్ణి నిలబెడితే మా గడప నుంచి నీ కొండ దాకా చెప్పుల్లేకుండా నడిచొస్తాను తల్లీ అని మరియమాతకు మొక్కుకుంది. నాన్న లేచి తిరిగాడు. ఆ ఏటి తిరునాళ్ళకు ఆమె బయలుదేరేలోపే సాగర్ కుడికాలవ తవ్వకం మొదలైంది. మా ఊరి నుంచి కారెంపూడి పక్కగా, నాగులేరు దాటి, ఈపూరు అవతల మాత కొండ దాకా పోయే పాత నడక దారిని కాలవ నడిమికి కోసేసింది. ఆ దారి మా ఊరి చేల మధ్య ఒక డొంకగా మొదలయ్యేది. రెండు పక్కలా చేలు, మధ్యలో బండి పట్టేంత బాట. దాన్నే మాత డొంక అనేవాళ్ళు. తిరునాళ్ళకు బస్సులు వేశారు. అప్పటి విచారణ గురువు, అంటే మా గుడి చూసుకునే ఫాదర్, పొడుగు గడ్డం తెల్లాయన, "బస్సులో పోయి రండమ్మా, మాత ఏమీ అనుకోదు," అన్నాడట. "నేను బస్సు మొక్కలేదు స్వామీ, నడక మొక్కాను," అందట నాయనమ్మ. ఆయన, మొక్కు మార్చే అధికారం గురువుకు ఉంటుంది, ఇన్ని జపమాలలు చెప్పు చాలు అన్నాడట. జపమాలలు చెప్పింది గాని మొక్కు తీరిందని మాత్రం ఒప్పుకోలేదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, "నా మొక్కు అట్టా ఉండబట్టే ఇట్టా అయితంది," అనేది.

కాలవ నీళ్ళొచ్చాక మా ఊరి చేల మొహాలే మారిపోయాయి. జొన్నా కందీ పండిన చోట పత్తి, మిరప వచ్చాయి. గట్టు పక్కన వదిలేసిన బెత్తెడు నేలకు కూడా విలువ వచ్చింది. నడిచేవాళ్ళు లేని డొంకను ఎవరు మాత్రం ఎన్నాళ్ళు వదిలేస్తారు? ఇటువైపు రైతు ఒక ఏడు ఒక చాలు లోపలికి దున్నితే అటువైపు రైతు ఇంకో ఏడు ఇంకో చాలు. మాత డొంక కొండ దాకా అట్లా చేలల్లోకి కరిగిపోయింది. మా నాన్నకు అంత ఓపిక లేదు. చాలు చాలుగా మింగడం ఆయన తత్వం కాదు. మా చేనుకూ, ఊరి సాయిబుల్లో మేం వరసపెట్టి పిలుచుకునే మస్తాను మామ చేనుకూ మధ్య డొంక ఉండేది. మా వైపు అంచున హద్దుగా సర్వే రాయి. ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం నాడు ఒక ఏడు ఊరంతా మట్టలు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతుండగా, నాన్న కడుపునొప్పని ఇంట్లో ఉండిపోయాడు. మేం గుడి నుంచి వచ్చేసరికి సర్వే రాయి డొంక దాటి అవతల మస్తాను మామ గట్టులో కూర్చుంది. డొంక మొత్తం మా చేను అయింది. నేను అప్పటికింకా బడిలో చేరలేదు. ఇదంతా చానా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పగా తెలిసింది. అమ్మకు నాయనమ్మ చెప్పలేదు, నాన్న చెప్పలేదు, తనే పోల్చుకుంది. గడపార వంగిపోయి ఉందట, నాన్న భుజం మీద చర్మం లేచిపోయి ఉందట. కడుపునొప్పి మనిషికి భుజం కమిలిందేందా అని నాయనమ్మ వెన్న రాసింది గాని నోరు విప్పి అడగలేదట.

అడగలేదు గాని, ఆ రోజు నుంచి ఆమె ఆ చేలో కాలు పెట్టలేదు. పత్తి ఏరడానికి ఇంటిల్లిపాదీ పోయినా ఆమె రాదు. మోకాళ్ళ నొప్పులంటే నిజమే అనుకున్నాం. ఆ చేని పత్తితో అమ్మ దిండ్లు కుట్టిస్తే మాకు మెత్తగా ఉండేవి. నాయనమ్మ మాత్రం పాత చీర మడతలే తల కింద పెట్టుకుని పడుకునేది. నాన్న కూడా ఆ ఏటి నుంచి పూజలో గురువు పెట్టే అప్పం, దివ్యసత్ప్రసాదం, తీసుకోవడం మానేశాడు. పూజకు వచ్చేవాడు, వెనకాల తలుపు దగ్గర నిలబడేవాడు, అందరూ వరసగా పీఠం దగ్గరికి పోతుంటే చొక్కా గుండీలు చూసుకునేవాడు. సత్ప్రసాదం తీసుకోవాలంటే ముందు గురువు దగ్గర పాపసంకీర్తనం చెప్పాలి, అంటే చేసిన పాపం ఒప్పుకోవాలి. చెప్తే ఏ గురువైనా ముందు ఆ నేల వదిలెయ్ అంటాడు. వదలకుండా మన్నింపు లేదు. నాన్న దేవుడి దగ్గర అబద్ధమాడే రకం కాదు, నేల వదిలే రకమూ కాదు. అందుకని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన మంచివాడో చెడ్డవాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మా ఊళ్ళో డొంక మింగని చేను తక్కువ, దానికోసం సత్ప్రసాదం మానుకున్న మనిషి మాత్రం ఆయన ఒక్కడే.

మండలాలు వచ్చిన కొత్తలో మా విచారణకు చిన్నప్ప ఫాదర్ వచ్చాడు. కుర్రాయన. సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ళ దగ్గర కూర్చుని పాత సంగతులు అడిగేవాడు. మాత డొంక మాట ఆయన చెవిన పడింది. ఇక ఊరుకోలేదు. ఈ ఏటి తిరునాళ్ళకు బస్సుల్లో కాదు, మన పెద్దలు నడిచిన దారినే నడిచిపోదామని ఆదివారం పీఠం మీద నుంచి ప్రకటించాడు. కాలవ మీద లాకుల దగ్గర వంతెన ఉంది, చేల మధ్య దారి ఎక్కడిదో వెతికి పట్టుకుంటే చాలు అన్నాడు. ఆ మాట వింటున్న నాయనమ్మ ముసుగులోంచి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చేదాకా వదల్లేదు. వాకిట్లోకి అడుగుపెట్టగానే నాన్నతో, "ఒరేయ్ మర్రెడ్డీ, ఈ ఏడు నేను పోతన్నా," అంది. నాన్న చొక్కా విప్పుతూ, "ఈ వయసులో నడకేందమ్మా, జీపు మాట్లాడతా," అన్నాడు. "పోనీ కాలవ దాకా జీపులో దింపిస్తా, ఆడ్నుంచి నడువు," అని ఒక మెట్టు దిగాడు. "అంటే డొంక చేను దాటించేస్తావన్నమాట," అంది ఆమె. నాన్న చొక్కా కొక్కేనికి తగిలించి గొడ్ల చావిట్లోకి పోయాడు.

దారి వెతకడం అనుకున్నంత తేలిక కాలేదు. అప్పటికి కరణీకాలు రద్దయి ఊరి పటాలు ఎవరి దగ్గరున్నాయో ఎవరికీ తెలియదు. గుడి పెద్దల్ని అడిగితే ఒకరు తూర్పంటే ఒకరు పడమరంటారు. ఎవరి చేను గుండా అని అడిగితే అందరికీ మతిమరుపే. ఎవరు నోరు విప్పినా ముందు వాళ్ళ పత్తిలోంచే జనం నడుస్తారు మరి. చిన్నప్ప ఫాదర్ ఆ పెద్దల్ని వెంటబెట్టుకుని చేల గట్లెంట తిరిగాడు. ఆ రోజు మేం డొంక చేలో ఆఖరి ఏరుడు ఏరుతున్నాం. నాన్న గట్టు మీద ఉన్నాడు. పెద్దల్లో ఒకాయన కాలికి మస్తాను మామ గట్టు మీది ముళ్ళ పొదలో ఏదో తగిలింది. కంప తప్పించి చూస్తే రాయి. ఫాదర్ వంగి మట్టి గీకాడు. నెత్తిన రెండు గాట్లు కనపడ్డాయి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఆయన చెయ్యి ఆగిపోయింది. "సిలువ," అన్నాడు. తలపాగాలు తీసి పెద్దలందరూ ఆ బురద గట్టు మీదే మోకాళ్ళూనారు. మేం ఆడవాళ్ళం కూడా ఒళ్ళో పత్తి కింద పోసి ఎక్కడివాళ్ళం అక్కడ మోకాళ్ళూనాం. సర్వేవాళ్ళు పాతే రాళ్ళ నెత్తిన అట్లా గాట్లు పెడతారని వాళ్ళల్లో సగం మందికైనా తెలిసే ఉండాలి. కానీ డొంక కోసం వెతుకుతున్న కథోలికుడికి రాతి మీద రెండు గీతలు అడ్డంగా కనపడితే ఇంకేమనుకుంటాడు? నిలబడి ఉన్నది నాన్న ఒక్కడే. "ఫాదర్, అది..." అన్నాడు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకుని, "అది పాత రాయే ఫాదర్, నా చిన్నప్పటి నుంచీ ఉంది," అన్నాడు. ఆ మాట అబద్ధం కూడా కాదు.

వారం తిరక్కుండా రాయికి సున్నం కొట్టారు. బంతిపూల దండలు పడ్డాయి, కొవ్వొత్తులు వెలిగాయి. మా పక్కింటి అంతోనమ్మ పిన్నికి చెయ్యి నొప్పి తగ్గిందన్నారు. పూర్వం ఫాదర్లు నడక దారెంట సిలువ రాళ్ళు పాతేవాళ్ళని ఎవరో అంటే, అవునవును మా అబ్బ చెప్పేవాడు అని ఇంకెవరో అన్నారు. రాయి దొరకడం అందరికీ కలిసొచ్చింది. అది ఉన్నది మస్తాను మామ గట్టు మీద గనక డొంక ఆయన చేను గుండానే పోయి ఉంటుందని తేల్చేశారు. మన చేలు మనకు మిగిలాయి. మస్తాను మామది చిన్న చేను. గురజాలలో ఆయిలింజన్లు రిపేరు చేస్తూ, ఉన్న కాస్త నేలలో మిరప వేసేవాడు. తిరునాళ్ళ వేళకు ఆయన తోట సగం పండి, సగం పచ్చిగా, గుత్తులు గుత్తులుగా ఉంది. అందులోంచి ఊరు ఊరంతా నడవాలి.

చిన్నప్ప ఫాదర్ స్వయంగా వాళ్ళింటికి పోయి అడిగాడు. మస్తాను మామ భార్య మీరాబీ, "ఊళ్ళో ఇన్ని చేలుంటే మా చేనే దొరికిందా మీ దేవుడికి?" అని ఏడ్చిందట. ఆ సాయంత్రం మామ మా ఇంటికి వచ్చాడు. నాన్న మంచం మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటున్నాడు. నాయనమ్మ గోడకు ఆనుకుని చేట ముందు పెట్టుకుని కందికాయలు వలుస్తోంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. మిరప కళ్ళాల ఘాటు ఊళ్ళోకి దిగే వేళ అది, ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు.

"ఏంది బావా, ఫాదరుగారు మా మిరపతోటలోంచి దారంటుండాడు?" అన్నాడు మామ.

"ఆయన చెప్పేదేముంది? రాయి చెప్తంది," అన్నాడు నాన్న.

"రాయి సంగతి నాకెందుకులే. నువ్వు చెప్పు. డొంక నా చేలో ఉండిందా?"

నాన్న బీడీ కొస చూసుకుంటూ, "రాయి యాడుంటే డొంక ఆడ," అన్నాడు.

మస్తాను మామ నాన్న మొహంలోకి కాసేపు చూసి నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, అదే నాకు బాగోలేదు. "సరేలే. మాతమ్మ దారికి అడ్డం పడి నేనేం బావుకుంటా? పండిందీ పండందీ కోసుకుంటాం, కాస్త టైమియ్యమని చెప్పు," అన్నాడు. పోతూ పోతూ నాయనమ్మతో, "అత్తా, నీ మొక్కు తీరబోతంది. సంతోషమేగా?" అన్నాడు. నాయనమ్మ తలెత్తలేదు. చేటలో వలిచిన గింజల్ని మళ్ళీ తొక్కల్లో కలిపేస్తోందని నేను చెప్తే గాని ఆమెకు తెలియలేదు.

ఆ పూట జపమాల అయ్యి అందరం కంచాల ముందు కూర్చున్నాక, నాయనమ్మ తన కంచంలోకి చూస్తూనే, "మర్రెడ్డీ, మట్టలాదివారం నాటి కడుపునొప్పి తగ్గిందా రా?" అంది.

నాన్న ముద్ద నోటి దగ్గరే ఆగింది. "ఎప్పటి మాటమ్మా?"

"ఎప్పటిదైతే ఏంలే. తగ్గిందా లేదా అని అడుగుతున్నా."

నాన్న కంచంలోనే చెయ్యి కడిగేసి లేచిపోయాడు. ఎందుకని నేను అడిగితే అమ్మ, "నోర్మూసుకుని తిను," అంది. అమ్మ కూడా తినలేదు.

తిరునాళ్ళ నడక పొద్దున్నే, మంచు విడవకముందే గుడి దగ్గర మొదలైంది. ముందు సిలువ, దాని వెనక ఫాదర్, తర్వాత మా వీధి మగవాళ్ళు, ఆ తర్వాత ఆడవాళ్ళు, అందరి వెనకాల ఊరవతలి మాలపల్లెవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే ఆ వరస కుదిరిపోయింది. అప్పట్లో అది నాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడు ఆ నడకలో సిలువ పట్టుకునేది పల్లె పిల్లలే, ఒక్క ఆ మార్పైనా నాకు తృప్తి. నాయనమ్మ తెల్ల చీర కట్టుకుని, చెప్పుల్లేకుండా, చేతిలో తుమ్మ కర్రతో మా గడపలోంచి అడుగు బయట పెట్టింది. జొన్నరొట్టెల మూట ఆమెను మొయ్యనివ్వక నేను పట్టుకున్నాను. నాన్న నడకకు రాలేదు. చేను కాడ ఉంటానని ముందే పోయాడు.

రాయి దగ్గర ఆగి ఒక గుర్తు జపమాల, పది పూసల మేర, చెప్పాం. మస్తాను మామ చేలో ఒక బారున చెట్లకు కాయ లేదు. పచ్చికాయ కూడా దూసేసి గోతాలకు కట్టి గట్టున పెట్టుకున్నారు. మీరాబీ ఆ గోతాల మీద చెయ్యేసి, మస్తాను మామ ఆమె పక్కన, మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు. సిలువ ఆ మిరపతోట వైపు తిరిగింది, వెనకే జనం తిరిగారు. నాయనమ్మ తిరగలేదు. రాయికి వీపు పెట్టి మా పత్తిచేను వైపు నిలబడింది. చిన్నప్ప ఫాదర్ ఆగి, "అమ్మా, దారి ఇటు," అన్నాడు.

"దారి నాకు తెలుసు స్వామీ. మొక్కింది నేను," అంది నాయనమ్మ. అని, ఇన్నేళ్ళూ అడుగుపెట్టని ఆ చేలోకి దిగింది.

ఏరుడు అయిపోయిన పత్తిచేను చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఎండిన కట్టె నడుం ఎత్తున నిలబడి ఉంటుంది, కింద రాలిన కాయ డొల్లలు విచ్చుకుని మొనలు పైకి పెట్టుకుని ఉంటాయి. చెప్పులున్నవాళ్ళే చూసుకుని నడవాలి. ఆమె నాలుగడుగులు వేసేసరికే మడమ దగ్గర రక్తం కనపడింది. నేను వెనకాల పరిగెత్తి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. అవతలి గట్టు మీద నుంచి నాన్న గబగబా వచ్చి ఎదురు నిలబడ్డాడు.

"అమ్మా, ఏందిది? కాళ్ళకి గుచ్చుకుంటయ్యి. అటు పో, ఆడ దారి చేశారు," అన్నాడు.

"గుచ్చుకోనీరా," అంది నాయనమ్మ. ఆమె గొంతు పెద్దది కాదు గాని ఆ వేళ అందరికీ వినపడింది. "ఈ దారినొస్తానని చెప్పి నిన్ను తెచ్చుకున్నా. ఇంకొకళ్ళ చేను తొక్కి పోతే ఆ తల్లికి ఏమని చెప్పమంటావు?"

నాన్న ఆమె కాళ్ళ వైపు చూశాడు, అటు తిరిగి మస్తాను మామ వైపు చూశాడు. తర్వాత తల మీది తువ్వాలు తీసి నడుముకు బిగించి, ఆమె ముందు వంగాడు. పత్తికట్టె మొదలు రెండు చేతులా పట్టుకుని పీకాడు. పక్కన పడేశాడు. ఇంకోటి పీకాడు. పల్నాడు నల్లరేగడిలో ఎండిన పత్తికట్టె అంత తేలిగ్గా రాదు, దానికి పలుగు కావాలి. నాన్న చేత్తోనే పీకుతూ, డొల్లల్ని పాదంతో పక్కకు నెడుతూ ముందు పోతుంటే, నాయనమ్మ ఆయన వెనకే ఒక్కో అడుగు వేసింది. జనం కదల్లేదు. చిన్నప్ప ఫాదర్ ఆ తల్లీకొడుకుల్ని చూశాడు, రాయిని చూశాడు, మీరాబీ గోతాల్ని చూశాడు. కుర్రవాడే గాని తెలివిగలవాడు, ఒక్క మాట అడగలేదు. సిలువ పట్టుకున్నాయన భుజం తట్టి పత్తిచేను వైపు తిప్పాడు. మొదట మస్తాను మామ వచ్చి నాన్న పక్కన వంగి కట్టె పీకడం మొదలుపెట్టాడు, తర్వాత మా వీధి మగవాళ్ళు. పాట ఎవరెత్తుకున్నారో గుర్తులేదు. చేను ఆ చివరకు పోయేసరికి మా వెనకాల బండి పట్టేంత దారి పడింది. నాన్న అరచేతులు నెత్తురోడుతున్నాయి. అక్కడ ఆగిపోయాడు, ముందుకు రాలేదు. నాయనమ్మ ఆయన చేతులు తిప్పి చూసి, తన కొంగు చించి కట్టి, "గొడ్లకి నీళ్ళు పెట్టు," అని చెప్పి సాగిపోయింది.

ఆ తర్వాత చేలల్లో దారి అడగాల్సిన పని పడలేదు. మర్రెడ్డే వదిలాడంట అనే మాట మా కన్నా ముందు నడిచింది. రైతులు ఎక్కడికక్కడ కట్టె పీకి దారిచ్చారు. నాయనమ్మ కొండ ఎక్కింది. మాత పాదాల దగ్గర ఏం చెప్పుకుందో నాకు తెలియదు, చానాసేపు మాత్రం అక్కడే ఉంది. దిగొచ్చాక నేను మళ్ళీ అంత దూరం నడవాలా అని దిగులుపడుతుంటే, "తిరుగు ప్రయాణం మొక్కలేదు కదే, బస్సెక్కుదాం పద," అంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా భుజం మీద తల పెట్టి గురక పెట్టి నిద్రపోయింది. ఆమె అంత హాయిగా నిద్రపోవడం నేను అంతకుముందు చూడలేదు.

నాన్న ఆ డొంకను మళ్ళీ దున్నలేదు. ఆ ఏటి మట్టలాదివారానికి ముందు ఒక శనివారం గుళ్ళో పాపసంకీర్తనపు వరసలో ఆయన నిలబడి ఉండటం చూశాను. మర్నాడు అందరితోపాటు పీఠం దగ్గరికి పోయాడు. నాయనమ్మ తల తిప్పి చూడలేదు, జరిగి ఆయనకు చోటిచ్చింది. రాయిని మటుకు వెనక్కి మార్చడం కుదరలేదు. మారుద్దామని నాన్న ఒకసారి గడపార పట్టుకుని పోయాడట. అప్పటికే దాని ముందు కొవ్వొత్తులు, ముడుపులు. మస్తాను మామ చూసి, "ఉండనీలే బావా, మీ మాత మా తోటకి కాపలా," అన్నాడట. నాన్న గడపార తెచ్చి చావిట్లో పెట్టేశాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, ప్రతి ఏడూ తిరునాళ్ళ ముందు రోజు పోయి ఆ దారిలో పడ్డ డొల్లలూ కంపా తనే ఏరి శుభ్రం చేసేవాడు. కూలీలను పెట్టనిచ్చేవాడు కాదు. కొండకు మాత్రం ఎప్పుడూ పోలేదు. నేను అడిగితే, "నా నడక చేను దాకానే," అన్నాడు.

ఇప్పుడు ఆ డొంక సిమెంటు రోడ్డు. అప్పుడు నడిచినవాళ్ళం ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళం, ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. బూట్లతో నడుస్తారు, అడుగడుక్కీ పులిహోర, మజ్జిగ ప్యాకెట్లు, కాళ్ళకు మందు రాసే పందిళ్ళు. భక్తి తగ్గిందని అనడానికి నాకు నోరు రావడం లేదు. ముళ్ళు లేని దారిలో కూడా ఏడుస్తూ నడిచేవాళ్ళను ఆ వేళ కారులోంచే చూశాను. ఎవరి మొక్కు ఎవరికి తెలుసు? ఆ పిల్ల ఇంకా కిటికీ పట్టుకునే ఉంది. రాయి సంగతి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. చెప్తే నమ్మదు, నమ్మినా దానికి ఒరిగేదేమీ లేదు. కారు దిగాను. చెప్పులు కారులోనే వదిలేశాను. ఆ పిల్ల చేతిలోంచి ఒక కొవ్వొత్తి తీసుకుంటే, "ఎవరి పేరు మీద ఆంటీ?" అని అడిగింది. మర్రెడ్డి అని చెప్పి వెలిగించాను. ఇన్నేళ్ళుగా అందరూ ఆ రాయికి వెలిగిస్తున్నారు గాని, దాన్ని అక్కడిదాకా భుజం మీద మోసుకొచ్చినవాడికి ఎవరూ ఒక్కటీ వెలిగించలేదు.